వాసము – గాడి

కోనసీమలోని పాత మండువా లోగిలిలో నిలిచి తలయెత్తి చూచినచో, పెంకుల క్రింద వరుసదీరిన వాసములును, వాటిని మోయుచున్న దూలమును కానవచ్చును. తిన్నింటి వాసాలు లెక్కపెట్టుట కృతఘ్నతకు మారుపేరైనది గాని, కృతజ్ఞతతో ఒక్కమారు పరికించుట దోషము గాదు. వాసము దూలముపై ఆనుచోట అడుగువైపున చిన్న గాడి యుండును. అది సులభముగా కంటబడదు.

వాసము వాలుగా నుండును. దూలపు పైతలము సమముగా నుండును. గాడి లేనిచో రెండును ఒక అంచుమీద మాత్రమే తాకును. గూన పెంకుల బరువు పైబడినపుడు వాసము చూరువైపునకు జారజూచును. అందుచేత వడ్రంగి ఉలితో వాసమును కొంత తొలచి, దూలముపై చదునుగా కూర్చుండబెట్టును. తొలచునది వాసమునే గాని దూలమును గాదు. వాసమునకొక గంటు చొప్పున దూలమునకు పెట్టుచు పోయినచో ఇల్లంతయు దుర్బలమగును. భగవంతుని శరణుజొచ్చుచునే, ఆయన తన కోరిక ప్రకారము నడువవలెనని నిర్బంధించువాని మ్రొక్కు దూలమును చెక్కుట వంటిదే.

ఐతే ఆశ్రయించినవాడు ఎంత తగ్గవలెను? చిక్కంతయు ఇచ్చటనే. శరణాగతి యనగా తన్ను తాను పూర్తిగా తుడిచిపెట్టుకొనుట యని తలచువారు పెక్కుమంది. వడ్రంగము దీని నంగీకరింపదు. గాడి లోతు వాసపు మందములో మూడవ వంతు మించరాదని నేటి ఇంజనీర్లును చెప్పుదురు. మించినచో గాడి మూలనుండి చీలిక పుట్టును. రంపపు కోత గీటు దాటినను అంతే. తాటివాసముల విషయమున మరింత జాగ్రత్త కావలెను. తాటిమానునకు చేవ వెలుపలి భాగముననే యుండును, లోపలిది మెత్తని పీచు. లోతుగా కోసినచో పోవునది చేవయే. అట్టి వాసము విరిగి ఇంటివారి నెత్తిన పెంకులు పడవేయును. దానిని వినయమని ఎవరును మెచ్చుకొనరు.

ఈ తగ్గుట జీవుని పనియా, భగవంతుని పనియా యని మర్కట, మార్జాల న్యాయములతో ఆచార్యులు విస్తారముగా చర్చించిరి. వాసము తన్ను తాను చెక్కుకొనజాలదన్నది మాత్రము ప్రత్యక్షము.

గాడి బరువును నిలుపును గాని గాలి నాపదు. 1996 నవంబరు 6 నాటి తుఫాను వంటి గాలి చూరు క్రింద దూరి కప్పును పైకెత్తును. అందుకై వాసమును దూలమునకు ఇనుప మేకుతో బిగింపవలెను. ప్రపత్తికి అంగములను చెప్పుచు పెద్దలు మహావిశ్వాసమును వేరుగా పేర్కొనుట ఇట్టిదే.

విభీషణుడు లంకను, ఐశ్వర్యమును, బంధువులను విడిచి నలుగురు అనుచరులతో రాముని చెంత నిలిచెను. అతడు కోల్పోయినది తక్కువ గాదు. కాని రావణునికి తమ్ముడు గాకుండ పొమ్మని రాముడు అతనికి చెప్పలేదు. అన్న కూలిన పిదప అంత్యక్రియలకు విభీషణుడే వెనుదీసెను. చావుతో పగ తీరినదని నచ్చజెప్పి, ఆ క్రియలను అతనిచేతనే చేయించినవాడు రాముడు; పిమ్మట లంకారాజ్యపు భారమునంతయు ఆ భుజములపైననే పెట్టెను.