ఎలా ఉంది సినిమా?

సినిమా చూసి వచ్చినవారిని మనం మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: "ఎలా ఉంది?" దానికి వచ్చే జవాబు కూడా చాలాసార్లు ఒక్క ముక్కే: "బాగుంది" లేదా "బాగోలేదు." ఇంత చిన్న ప్రశ్నలో, ఇంత చిన్న జవాబులో మంచిచెడ్డలు విచారించవలసినంత విషయం ఏముంటుందని మీరు అనుకోవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. ఆ అభిప్రాయం తప్పని నాకు తెలియజెప్పినవారు ఒక దర్జీ.

మా ఊళ్లో మేము ఏడెనిమిది మందిమి సినిమా అభిమానులం ఉన్నాం. నెలకొక ఆదివారం సాయంత్రం ఒక మిత్రుని మేడమీద కలుసుకుంటాం. ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. నేను బడిపంతులుగా రిటైరయ్యాను. మందుల షాపు నడిపే ఆయన ఒకరు, ఆసుపత్రిలో నర్సుగా పనిచేసే సోదరి ఒకరు, ఇద్దరు ముగ్గురు కాలేజీ కుర్రవాళ్లు, మా బజారులోనే చిన్న కొట్టు పెట్టుకున్న ఆ దర్జీ. ఈ మధ్య చూసిన సినిమా గురించి తలా అయిదు నిమిషాలు చెప్పాలన్నది మా నియమం. ఒకరు 'మాయాబజార్'ను ఇరవయ్యోసారి చూసి, మొదటిసారి చూసినట్టే మురిసిపోతూ వస్తారు. మరొకరు విడుదలైనప్పుడు ఎవరూ పట్టించుకోని చిత్రాన్ని ఇప్పుడు నెత్తిన పెట్టుకుని వస్తారు. టీ, పకోడీలు, వాదోపవాదాలు. రాత్రి తొమ్మిదయినా ఎవరికీ లేవబుద్ధి కాదు.

ఒకసారి అందరం కలిసి 'బైసికిల్ థీవ్స్' చూశాం. 1948లో విట్టోరియో డి సికా ఇటలీలో తీసిన చిత్రమది. యుద్ధం ముగిసిన తర్వాతి రోము నగరం. పని లేక అల్లాడుతున్న ఆంటోనియో అనే అతనికి గోడలమీద పోస్టర్లు అంటించే ఉద్యోగం దొరుకుతుంది. కాని సొంత సైకిలు ఉండాలి. భార్య ఇంట్లోని దుప్పట్లు తాకట్టు పెట్టిన డబ్బుతో, అంతకుముందే తాకట్టులో ఉన్న సైకిలును విడిపించుకుంటారు. పనిలోకి వెళ్లిన మొదటిరోజే ఆ సైకిలు దొంగ పాలవుతుంది. తండ్రీ, చిన్న కొడుకు బ్రూనో ఊరంతా గాలిస్తారు. దొరకదు. చివరికి ఆ తండ్రే మరొకరి సైకిలు తీసుకుని పారిపోబోయి, కొడుకు కళ్లముందే జనానికి చిక్కుతాడు. తండ్రి పాత్ర వేసిన లంబెర్తో మజ్జొరాని అప్పటికి నటుడు కాడు, ఫ్యాక్టరీ కార్మికుడు. 1950లో లండనులో ఈ చిత్రం చూసిన ప్రభావంతోనే సత్యజిత్ రాయ్ 'పథేర్ పాంచాలి' తీయడానికి గట్టిగా పూనుకున్నారు.

ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివి ఉన్నాను. కనుక ఆ సాయంత్రం నాదే పెత్తనం. తెరమీద కింద పడే ఇంగ్లీషు మాటలను తెలుగులో చెబుతూ, మధ్యమధ్య "ఇది చూడండి, ఇక్కడే ఉంది గొప్పతనం" అంటూ వచ్చాను. సినిమా అయిపోయింది. ఒక్కొక్కరూ మెచ్చుకున్నారు. దర్జీగారి వంతు వచ్చింది. ఆయన తల వంచుకుని, "నాకు బాగోలేదండీ" అన్నారు.

కుర్రవాళ్లు నవ్వారు. నేనూ నవ్వి, "ఇలాంటివి అందరికీ అర్థం కావులెండి. మీకు పాటలూ ఫైట్లూ ఉండాలి" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. టీ గ్లాసు కింద పెట్టి, పని ఉందని చెప్పి వెళ్లిపోయారు. మరుసటి నెల రాలేదు. ఆ పైనెల కూడా రాలేదు.

ఒకరోజు చొక్కా గుడ్డ పట్టుకుని ఆయన కొట్టుకు వెళ్లాను. గుడ్డ సాకు మాత్రమే. ఎందుకు రావడం లేదని అడిగాను. ఆయన కొలతలు రాసుకుంటూ నెమ్మదిగా చెప్పారు.

"మాస్టారూ, నేను సినిమా బాగోలేదనలేదు. నాకు బాగోలేదన్నాను. మా నాన్నా దర్జీయే. నాకు తొమ్మిదేళ్లప్పుడు ఇంట్లో గడవక, ఎవరో కుట్టమని ఇచ్చిన పెళ్లిగుడ్డలు అమ్ముకున్నాడు. వాళ్లొచ్చి కొట్టు ముందే కొట్టారు. భుజం మీది తువ్వాలు మట్టిలో పడింది. నేనే తీసి దులిపి ఇచ్చాను. ఆ పిల్లవాడు తండ్రి టోపీ తీసి దులుపుతుంటే ఇక చూడలేకపోయాను. అంతే."

నేను ఏం మాట్లాడగలను? ఆ మేడమీద ఆ రాత్రి ఆ సినిమాను నిజంగా చూసినవాడు ఆయన ఒక్కడే. నేను చూసింది, దాని గురించి నేను చదివిన వ్యాసాలను. నాది అరువు తెచ్చుకున్న మెప్పు. ఆయనది సొంత నొప్పి. అయినా పరీక్ష పెట్టింది నేను, తప్పింది ఆయన!

పాఠకులారా, అభిప్రాయం చెప్పడమంటే ఒక విధంగా సాక్ష్యం చెప్పడమే. సాక్షి తాను చూసినదే చెప్పాలి. ఇతరులు చూశామన్నదాన్ని తాను చూసినట్టు చెబితే, చెప్పిన మాట నిజమే అయినా చెప్పినవాడు నిజాయితీపరుడు కాడు. "ఇది మహాకావ్యం" అని నలుగురూ అంటున్నారు గనుక మనమూ అనడం, "ఇది చెత్త" అని నలుగురూ నవ్వుతున్నారు గనుక మనమూ నవ్వడం, రెండూ ఒక తానులోని ముక్కలే. ఆ నలుగురు ఎంత పెద్దవారైనా ఈ దోషం పోదు.

ఆ పెద్దల తీర్పులైనా ఎంత నిలకడగా ఉంటున్నాయి? బ్రిటనులో వెలువడే 'సైట్ అండ్ సౌండ్' పత్రిక పదేళ్లకొకసారి విమర్శకుల ఓట్లతో ప్రపంచంలోని మేటి చిత్రాల పట్టిక వేస్తుంది. 1952లో మొదటి స్థానం ఈ 'బైసికిల్ థీవ్స్'దే. 1962 నుంచి 2002 వరకు వరుసగా అయిదుసార్లు 'సిటిజెన్ కేన్' ఆ స్థానంలో నిలిచింది. 2012లో హిచ్‌కాక్ తీసిన 'వెర్టిగో' దాన్ని దింపింది. 2022లో శాంటాల్ అకెర్మన్ అనే దర్శకురాలు 1975లో తీసిన 'జాన్ డీల్మన్' పైకి వచ్చింది. సినిమాలు మారలేదు, చూసే కళ్లు మారాయి.

జనం తీర్పు మాత్రం? ఫ్రాంక్ కాప్రా 1946లో తీసిన 'ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్' విడుదలైనప్పుడు పెట్టిన ఖర్చు కూడా రాబట్టలేకపోయింది. 1974లో దాని హక్కులను పునరుద్ధరించుకోకపోవడంతో అమెరికా టీవీ కేంద్రాలు క్రిస్మసుకు ఉచితంగా వేస్తూ పోయాయి. ఈనాడు అది ఇంటింటి పండుగ సినిమా. మన దేశంలో గురుదత్ 1959లో తీసిన 'కాగజ్ కే ఫూల్'ను జనం తిరస్కరించారు. ఆ తర్వాత ఆయన ఏ చిత్రానికీ దర్శకుడిగా తన పేరు వేసుకోలేదు. 1964లో కన్నుమూశారు. నేడు ఆ చిత్రాన్ని ఆణిముత్యమంటున్నాం, ఆ మాట వినడానికి ఆయన లేరు. 2010లో నష్టాలపాలయిన తెలుగు చిత్రం 'ఆరెంజ్'ను 2023లో మళ్లీ విడుదల చేస్తే, కుర్రకారు హాళ్లలో పాటలకు గొంతు కలిపి పాడారు. నిన్న వద్దన్నదీ మనమే, నేడు కావాలంటున్నదీ మనమే.

అయితే ఎవరి ఇష్టం వారిదే, మంచి సినిమా చెడ్డ సినిమా అనే తేడా లేదనుకోవాలా? 'లోకో భిన్నరుచిః' అని చేతులు దులుపుకోవాలా? కాదు. ఆ మాట వినడానికి ఉదారంగానే ఉంటుంది గాని, ఎదుటివారి మాట వినే శ్రమను తప్పించుకోవడానికి కూడా అది పనికివస్తుంది. మేలూ కీడూ, నిజమూ బూటకమూ, పనితనమూ అలసత్వమూ సినిమాలో ఉన్నాయి. వాటిని చూపించవచ్చు. మా బృందంలో ఒకసారి నర్సు సోదరి, "మాయాబజార్ మొత్తంలో పాండవులు ఒక్కసారైనా కనిపిస్తారేమో చూడండి" అంది. 1957 నుంచి తెలుగువారు చూస్తున్న సినిమా అది. మాలో సగం మంది ఆ సంగతి గమనించనే లేదు. భారతకథలో పాండవులు లేకుండానే మూడు గంటలు మనల్ని కూర్చోబెట్టిన కె.వి. రెడ్డిగారి నేర్పు అప్పుడు తెలిసింది. ఆమె మమ్మల్ని చిన్నబుచ్చలేదు, మాకు ఇంకొక కన్ను ఇచ్చింది. అభిప్రాయం చేయవలసిన పని అదే.

సినిమాకు నూరేళ్లు నిండిన 1995లో వాటికన్ 45 చిత్రాల పట్టికను ప్రకటించింది. మతం, విలువలు, కళ అని మూడు భాగాలు. విలువల భాగంలో 'బైసికిల్ థీవ్స్' ఉంది. మతం భాగంలో పసోలినీ 1964లో తీసిన మత్తయి సువార్త చిత్రం ఉంది. పసోలినీ నాస్తికుడు, మార్క్సు సిద్ధాంతాన్ని నమ్మినవాడు. తీసినవాడు ఎవరని కాక, తీసింది ఏమిటని చూశారన్నమాట. చిత్రం తీసినవాడి విషయంలో పాటించిన ఈ న్యాయం, చిత్రం చూసినవాడి విషయంలోనూ పాటించాలి కదా! చెప్పినవాడు దర్జీయా, పంతులా అని కాదు, చెప్పింది ఏమిటని వినాలి. నేను ఆ రాత్రి వినలేదు.

"నాకు నచ్చింది" అన్నది ఒక మాట. "అది గొప్పది" అన్నది వేరొక మాట. మొదటిదానికి నా మనసే సాక్ష్యం. రెండవదానికి నేను కారణం చూపాలి. గొప్పదని ఒప్పుకుంటూనే నాకు నచ్చలేదనవచ్చు. గొప్పది కాదని తెలిసీ నాకు ఇష్టమనవచ్చు. ఈ రెండింటినీ కలగాపులగం చేసినప్పుడే గొడవంతా వస్తుంది. మన ఇష్టాన్ని చట్టం చేసి, ఒప్పుకోనివారిని తెలివితక్కువవారిగా తేలుస్తాం. హీరోల పేర్ల మీద జరిగే తగవుల మూలం ఇదే. పుస్తకాలు చదువుకున్న మాబోటివాళ్ల ఎగతాళి మూలమూ ఇదే. అక్కడ వినిపించేది అరుపు, ఇక్కడ కనిపించేది చిరునవ్వు. తగిలే దెబ్బలో తేడా లేదు.

ఆ రోజు కొట్టులో దర్జీగారిని క్షమించమన్నాను. ఆయన కాజా కుడుతూ తల ఎత్తకుండానే, "పోనీండి మాస్టారూ" అన్నారు. మనస్ఫూర్తిగా అన్నారో, పెద్దవాణ్ణని అన్నారో నాకు తెలియదు. తర్వాతి సమావేశంలో నేను లేచి, జరిగినదానిలో నా తప్పు వరకు చెప్పాను. ఆయన తండ్రి మాట చెప్పలేదు. అది నా నోట రావలసినది కాదు. ఆనాటి నుంచి మా నియమం కొంచెం మార్చుకున్నాం. "గొప్పది", "చెత్త" అనే మాటలు చివరికి ఉంచాలి. ముందు, ఏ దృశ్యం మనసులో నిలిచిపోయిందో చెప్పాలి. ఎదుటివారు "బాగోలేదు" అంటే, "ఏమిటి బాగోలేదు?" అని ఒక్కసారైనా అడగాలి. ఈ చిన్న మార్పుతో మా వాదాలు తగ్గలేదు, కాని వాదం అయ్యాక ఎవరూ చిన్నబోయి మెట్లు దిగడం లేదు.

దర్జీగారు మళ్లీ వస్తున్నారు. కాని ఇప్పటికీ తలుపు దగ్గరి కుర్చీలోనే కూర్చుంటారు. ఆ కుర్చీని చూసినప్పుడల్లా నా మాట నాకు గుర్తుకొస్తుంది.

ఈసారి మీరు ఎవరినైనా "ఎలా ఉంది సినిమా?" అని అడిగితే, జవాబు పూర్తయ్యేవరకు ఆగండి. వారు చెబుతున్నది సినిమా సంగతి కాకపోవచ్చు.