ఆపుటయు చికిత్సయే

ప్రాణము నిలుపుటకై ఇచ్చిన మందే గుండెకు కీడు చేసినపుడు, దానిని ఆపుట రోగిని విడిచిపెట్టుట యగునా?

మన రక్తములో రోగములతో పోరాడు తెల్లకణములు కలవు. అవి సొంత శరీరమునే చెరుపకుండునట్లు వాటికి కళ్లెములును కలవు. కాన్సరు ఆ కళ్లెములనే బిగించి తప్పించుకొనును. వాటిని సడలించు మార్గము చూపిన జేమ్స్ అల్లిసన్, తసుకు హోంజో గారలకు 2018లో నోబెల్ బహుమానము లభించెను. ఆశ వదలుకొన్న రోగులు కొందరు ఈ మందులవలన ఏండ్ల తరబడి బ్రదికిరి.

అయితే కళ్లెము సడలిన కణములు ఒక్కొక్కప్పుడు గుండె కండరముపై పడి వాపు కలిగించును. ఇది నూటికి ఒకరికో, అంతకు తక్కువమందికో, తరచుగా మొదటి మూడు నెలలలో వచ్చును. అరుదే గాని ప్రాణాంతకము. 2016లో అమెరికా వైద్యులు వివరించిన ఇద్దరు రోగులు, ఇట్టి మందులు రెండు కలిపి మొదటిసారి పుచ్చుకొన్న కొద్ది వారములలోనే గుండెవాపుతో మరణించిరి.

దీనికి చికిత్స యేమనగా, వెంటనే ఆ మందు ఆపి, స్టెరాయిడ్లను పెద్ద మోతాదున నరములోనికి ఎక్కింతురు. అవి చాలనపుడు కొందరు వైద్యులు అబాటసెప్ట్ అను మందు వాడుచున్నారు. అది సడలిన కళ్లెమును తిరిగి బిగించునట్టిది.

ఇక్కడనే మనస్సునకు శోధన కలుగును. "ఆయాసమని చెప్పినయెడల మందు ఆపుదురు, ఇక నాకు దిక్కేది?" అని రోగి దాచును. "నీరసమేలే" అని ఇంటివారు సరిపుచ్చుదురు. వారిని నిందింపరాదు, ఉన్న ఒక్క ఆశను ఎవరు చేజేతుల వదలుకొందురు? కాని దాచిన ప్రతి దినమును గుండె చెల్లించును. మందు ఆపినను, మేలుకొన్న కణములు కొందరిలో కాన్సరుతో పోరాడుచునే యుండును. అందరిలో అట్లు జరుగదు, నిజమే. అయినను గుండె ఆగిన పిమ్మట ఏ మందుతో పని?

వైద్యునికిని బాధ్యత కలదు. భయపడుదురని ఈ అపాయమును చెప్పకుండుట దయ కాదు. మొదటి మోతాదుకు ముందే తేటమాటలతో తెలుపవలెను. ఆపవలసివచ్చినను తాను విడిచిపోనని చెప్పవలెను. ఆ మాట విన్న రోగి దాచడు.

గనుక ఈ మందు పుచ్చుకొనువారు ఛాతీనొప్పి, ఆయాసము, గుండెదడ, కనురెప్పలు వాలుట కనబడిన ఆ దినమే చెప్పుడి. కళ్లెము గుఱ్ఱమునకు శత్రువు కాదు. పోరాడుటకు ధైర్యము కావలెను. తగిన వేళ ఆగుటకును అంతే ధైర్యము కావలెను.