ఎత్తిపొడుపూ – వాదమూ

ఒక్క మాటతో ఫలానా నాయకుడి రాజకీయ జీవితం ముగిసిపోయిందని మనం తరచు చెప్పుకుంటూ వుంటాం. చెప్పుకోవడానికి బాగానే వుంటుంది. కాని మాటకు నిజంగా అంత బలముందా? ఉంటే, దాన్ని ఎలా వాడినా న్యాయమేనా?

1963 ఆగస్టులో నెహ్రూ ప్రభుత్వం మీద లోక్‌సభలో మొట్టమొదటి అవిశ్వాస తీర్మానం చర్చకు వచ్చింది. దేశంలో 27 కోట్ల మంది రోజుకు మూడణాలతో బతుకుతున్నారనీ, ప్రధాని మీద మాత్రం రోజుకు 25 వేల రూపాయలు ఖర్చవుతున్నదనీ రామమనోహర్ లోహియా ఎత్తిపొడిచారు. మూడణాలు కాదు, పదిహేనణాలన్నారు నెహ్రూ. తీర్మానం 62కు 347 ఓట్లతో ఓడిపోయింది. నెహ్రూ పదవికి ఢోకా రాలేదు. అయినా ఆ ఎత్తిపొడుపులోంచి ఎగతాళిని తీసేస్తే ఒక లెక్క మిగులుతుంది. పదిహేనణాలన్నది సగటు. ఆ సగటులో మిల్లు యజమానీ వున్నాడు, మిల్లు కూలీ వున్నాడు. ఎవరి అణాలు ఎవరి ఖాతాలో పడ్డాయన్న ప్రశ్నకు జవాబు చెప్పక తప్పని పరిస్థితి ఏర్పడింది.

అదే లోహియా 1966లో ఇందిరాగాంధీని ‘గూంగీ గుడియా’ – మూగబొమ్మ – అన్నారు. ఇందులోంచి ఎగతాళిని తీసేస్తే మిగిలేదేమిటి? ఆడది ఏలలేదన్న పాత నమ్మకం! స్త్రీ పురుష సమానత్వం కోసం అంతగా వాదించిన మనిషి నోట ఈ మాట రావడం విచారకరం. 1971లో ఆమె పక్షం 352 స్థానాలు గెలిచింది. ఆ మాటవల్ల నష్టపోయినది ఆమె కాదు. దాన్ని నమ్మి ఆమెను తక్కువ అంచనా వేసినవాళ్లు.

ఇక మన ప్రాంతం సంగతి. జంపని వున్న వేమూరు నియోజకవర్గం నుంచి 1983లో గెలిచిన నాదెండ్ల భాస్కరరావు, 1984 ఆగస్టులో రామారావు స్థానంలో ముఖ్యమంత్రి అయి, 31 రోజులకే దిగిపోయారు. ‘వెన్నుపోటు’ అన్న మాట ఆయన పేరుకు అతుక్కుపోయింది. ఆ మాటే ఆయన్ని దించిందనేవాళ్లున్నారు. మరి 1995లో చంద్రబాబునాయుడు మామగారిని దించినప్పుడూ అదే మాట లేచింది కదా! 1999లో ఆయనే నెగ్గారు. మాట పదును తగ్గిందా? లేదు. 1984లో శాసనసభ్యులలో ఎక్కువమంది రామారావు వైపు నిలిచారు, వీధుల్లో జనం నిలిచారు. 1995లో సభ్యుల సంఖ్య అల్లుడి వైపు మళ్లింది.

బలహీనుడి చేతిలో వెక్కిరింత ఆయుధం కాదా అని మీరడగవచ్చు. అవును, ఆయుధమే. కాని మనం దాన్ని ఎవరి మీద ఝళిపిస్తున్నాం? మన సభలోనే ఒక కుర్రవాడు లేచి, కౌలుదారుకు గిట్టుబాటు ఎంత అని అడుగుతాడు. వేదిక మీదనుంచి ‘పెటీబూర్జువా సందేహం’ అన్న జవాబు వస్తుంది. చప్పట్లు మోగుతాయి. కుర్రవాడు కూర్చుంటాడు. ఎకరానికి కౌలు ఎన్ని బస్తాలో, కోత కూలి పోను రైతుకు మిగిలేదెంతో ఆ సాయంత్రం ఎవరూ చెప్పరు.