వేడికి మారేది వస్తువా, అతుకా?

కుమ్మరి ఆవంలోకి నల్లగా వెళ్లిన పచ్చికుండ ఎర్రగా బయటికి వస్తుంది. వెళ్లిందీ వచ్చిందీ ఒకే కుండేనా? న్యాయ, వైశేషిక దర్శనాలు శతాబ్దాల పాటు వాదించుకున్న ప్రశ్న ఇది. వేడి వస్తువును ఏం చేస్తుంది, ఎంత మారినా అది అదే వస్తువుగా ఎంతవరకు మిగులుతుంది అన్నదే ఇందులోని చిక్కు. పుచ్చిన పన్నులో పెట్టిన ఫిల్లింగ్ కాఫీ వేడికీ ఐసునీళ్ల చల్లదనానికీ కాలక్రమంలో ఎందుకు వదులవుతుందో తెలుసుకోవాలంటే ఈ పాత వాదం ఇప్పటికీ మంచి దారి చూపిస్తుంది.

వైశేషికుల లెక్కలో పాకం, అంటే వేడివల్ల కలిగే మార్పు, జరిగేది పరమాణువుల్లోనే. దీన్ని పీలుపాకవాదం అంటారు. వైశేషిక భాష్యకారుడు ప్రశస్తపాదుడు వివరించిన ప్రకారం, అగ్ని తాకిడికి పరమాణువుల మధ్య సంయోగం తెగుతుంది, రెండేసి పరమాణువుల జంటలైన ద్వ్యణుకాలు నశిస్తాయి, కుండ మొత్తం విడిపోతుంది. విడిపడ్డ పరమాణువుల్లో నలుపు పోయి ఎరుపు పుడుతుంది. అవి మళ్లీ కలిసి కొత్త కుండ తయారవుతుంది. ఇదంతా కంటికి అందనంత వేగంగా జరిగిపోవడం వల్ల పాత కుండే ఎర్రబడిందని చూసేవారు భ్రమపడతారు. ఈ ప్రక్రియకు తొమ్మిది క్షణాలు పడతాయా, పది పడతాయా అని లెక్కలు కట్టినవారూ ఉన్నారు.

న్యాయ దర్శనం వారు, అంటే నైయాయికులు, దీన్ని ఒప్పుకోలేదు. కుండ విడిపోనక్కర్లేదని, దానిలోని సన్నని రంధ్రాల గుండా తేజస్సు, అంటే అగ్ని, చొరబడి కుండలోనూ దాని భాగాల్లోనూ ఒక్కసారే రంగు మారుస్తుందని అన్నారు. ఇది పిఠరపాకవాదం. ఆవంలో ఒకదానిమీద ఒకటి పేర్చిన కుండలు మధ్యలో కూలిపోవడం లేదు కదా, ఆకారం చెడడం లేదు కదా, 'ఇది అదే కుండ' అని కుమ్మరి గుర్తుపడుతున్నాడు కదా అన్నది వారి వాదం. రంధ్రాల సంగతికి వారు చూపించిన ఉదాహరణ నీళ్లకుండ: అది పగలకుండానే బయటికి చెమరుస్తుంది. తెలుగువాడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహానికి తానే రాసిన దీపికలో ఈ రెండు మతాలనూ పక్కపక్కన పెట్టాడు. తర్కం చదివే విద్యార్థికి ఈ వివాదం మొదట ఎదురయ్యేది చాలావరకు అక్కడే.

ఇక నోటి సంగతి. మామూలుగా నోటి లోపల 37 డిగ్రీల సెల్సియస్‌కు కాస్త తక్కువ వేడి ఉంటుంది. ఐసుముక్క తగిలిన పన్ను పైపొర బాగా చల్లబడుతుంది, పొగలు కక్కే టీ గుక్క తగిలితే అదే పొర చురుక్కుమంటుంది. వేడికి దాదాపు ఏదైనా సాగుతుంది, చల్లదనానికి ముడుచుకుంటుంది. కానీ అన్నీ ఒకే కొలతలో సాగవు, చిక్కంతా అక్కడే ఉంది. ఒక్క డిగ్రీ పెరిగితే పంటి పైపొర అయిన ఎనామిల్ పొడవు పది లక్షల్లో సుమారు 11 వంతులు పెరుగుతుంది, దాని కింది డెంటిన్ 8 వంతులు. పాదరసం, వెండి, తగరం కలిసిన అమాల్గమ్ 25 వంతుల దాకా సాగుతుంది. పన్ను రంగులో ఉండే కాంపోజిట్ రకాన్ని బట్టి 20 నుంచి 50 వంతుల వరకు, ఒకప్పుడు వాడిన ఆక్రిలిక్ 80కి అటూఇటూ సాగుతాయి. గ్లాస్ అయోనమర్ ఒక్కటే పంటికి దాదాపు సరిజోడుగా నడుస్తుంది.

ఈ తేడా ఎంత చిన్నదో, ఎంత పెద్దదో ఒక లెక్కతో తెలుస్తుంది. నాలుగు మిల్లీమీటర్ల వెడల్పున్న అమాల్గమ్ ఫిల్లింగ్, దాని చుట్టూ ఉన్న ఎనామిల్ 37 నుంచి 5 డిగ్రీలకు పూర్తిగా చల్లబడితే ఫిల్లింగ్ పంటికంటే సుమారు 2 మైక్రాన్లు ఎక్కువ ముడుచుకుంటుంది. అది కంటికి కనిపించే సందు కాదు. కానీ పన్ను పుచ్చడానికి కారణమైన బాక్టీరియా ఒక మైక్రాన్ లోపే ఉంటుంది కనుక దానికి అది వీధి తలుపే. అయితే గుక్క నోట్లో ఉండేది కొన్ని క్షణాలే. ఫిల్లింగ్ అడుగు దాకా చల్లదనం దిగేలోగా నోరు మళ్లీ వెచ్చబడుతుంది. అందుకే ఏ ఒక్క గుక్కా ఫిల్లింగ్‌ను ఊడదీయదు.

1952లో అమెరికాలో నెల్సన్, వుల్‌కాట్, పాఫెన్‌బార్గర్ అనే ముగ్గురు పరిశోధకులు ఈ సందును కళ్లారా చూశారు. ఫిల్లింగ్ ఉన్న పంటిని చల్లటి నీటిలో ముంచి తీసి, తుడిచి, వెచ్చబడనిస్తూ గమనిస్తే ఫిల్లింగ్ అంచు వెంట సన్నని నీటి బొట్లు ఊరి బయటికొచ్చాయి. చల్లబడినప్పుడు ఫిల్లింగ్ ముడుచుకుని సందు తెరుచుకుంది, నీరు లోపలికి దిగింది. వెచ్చబడగానే ఫిల్లింగ్ సాగి ఆ నీటిని బయటికి తోసింది. పన్నూ పగల్లేదు, ఫిల్లింగూ పగల్లేదు. నైయాయికుడి కుండ చెమర్చింది రంధ్రాల గుండా, ఇక్కడ చెమర్చింది రెండు వస్తువులు కలిసిన గీత.

ఈ గీతను తర్కశాస్త్రం సరిగ్గా పట్టుకుంది. నూలుపోగులకూ బట్టకూ మధ్య ఉన్నది సమవాయం, అది విడదీయరాని సంబంధం. బల్లకూ దానిమీది పుస్తకానికీ మధ్య ఉన్నది సంయోగం. అది ఎప్పుడో పుడుతుంది, కదలిక వల్ల విభాగం కలిగితే నశిస్తుంది. పన్నుకూ ఫిల్లింగ్‌కూ మధ్య ఉన్నది సంయోగమే తప్ప సమవాయం కాదు. న్యాయ వైశేషిక మతంలో వేర్వేరు జాతుల ద్రవ్యాలు కలిసి ఒక కొత్త అవయవిని (భాగాలతో కూడిన వస్తువును) పుట్టించలేవు. మనిషి దేహం పార్థివం, అంటే మట్టి జాతిది. తర్కసంగ్రహం బంగారం మొదలైన లోహాలను తేజస్సులో చేర్చింది. నేటి రసాయనశాస్త్రం ఆ వర్గీకరణను ఒప్పుకోదు. అయినా దానివల్ల వచ్చే ఫలితం నిలుస్తుంది: లోహం నింపిన పన్ను ఒకే వస్తువు కాదు, ఆనుకుని ఉన్న రెండు వస్తువులు. వేడి వాటిని వేర్వేరు కొలతల్లో కదిలిస్తుంది. కదలిక విభాగాన్ని పుట్టిస్తుంది, విభాగం సంయోగాన్ని చంపుతుంది. ఫిల్లింగ్ వదులవడాన్ని ఇంతకంటే క్లుప్తంగా చెప్పడం కష్టం.

బౌద్ధులకు ఈ వివరణ చాలదు. వసుబంధుడు అభిధర్మకోశంలో నాశానికి కారణమే అక్కర్లేదన్నాడు. పుట్టిన ప్రతిదీ తనంతట తానే మరుక్షణంలో పోతుంది. నిలిచినట్టు కనిపించేది ఒకదాని వెనక ఒకటిగా వచ్చే క్షణాల వరుస మాత్రమే. ఈ వాదాన్ని తేలిగ్గా తోసేయకూడదు, ఎందుకంటే ఫిల్లింగ్ విషయంలో నైయాయికుడు జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న ఇందులో ఉంది. ఫిల్లింగ్ మొదటి రోజున ఉన్నదే అయితే, వెయ్యో గుక్కకు జరగనిది లక్షో గుక్కకు ఎందుకు జరుగుతుంది? మధ్యలో ఏదో మారి ఉండాలి. మారుతూ వస్తున్న దాన్ని 'అదే' అనడం ఎలా? నైయాయికుడి తరఫున చెప్పదగిన జవాబు ఒకటుంది. ఫిల్లింగ్‌కూ పంటికీ మధ్య ఉన్నది ఒకే సంయోగం కాదు, అంచు పొడవునా ఎన్నో చిన్న సంయోగాలు. ప్రతి వేడీ ప్రతి చలీ వాటిలో కొన్నింటిని తెంచుతుంది. రెండు ద్రవ్యాలూ అవే, తగ్గుతున్నది వాటి మధ్య పట్టు. లోహాల అలసట గురించి నేటి ఇంజనీర్లు చెప్పేది కూడా ఈ ధోరణిలోనే ఉంటుంది.

నాశానికి కారణం అక్కర్లేదన్న మాట నిలవనిది మరోచోట. ఒకే నోట్లో, ఒకే పంటి వరుసలో, ఒకే వయసున్న రెండు ఫిల్లింగులు వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. అమాల్గమ్‌ను పంటికి అంటించేది ఏదీ ఉండదు కనుక మొదట్లో అంచున నీరు చొరబడుతుంది. తరువాత అది తుప్పు పడుతున్నకొద్దీ ఆ తుప్పే సందులో పేరుకుని దారి మూసేస్తుంది. లోహం చెడడమే అతుకును కాపాడుతుందన్నమాట. కాంపోజిట్ దీనికి తలకిందులు. 1955లో దంతవైద్యుడు బ్యూనోకోర్ ఎనామిల్‌ను ఆమ్లంతో గరుకు చేసి రెజిన్‌ను పట్టించే పద్ధతి కనిపెట్టాడు. ఆ పద్ధతి వల్ల కాంపోజిట్ అతుకు గట్టిగానే మొదలవుతుంది. కానీ పదార్థం గట్టిపడేటప్పుడే కొంత ముడుచుకుని అతుకును లాగుతుంది, ఆపైన వేడీ చలీ ఆ లాగుడును రోజూ పెంచుతూ తగ్గిస్తూ ఉంటాయి. కారణాలు వేరు కనుక ఆయుష్షులూ వేరు. ఇది కారణాన్ని నమ్మినవారి పక్షానే నిలుస్తుంది.

పీలుపాకం మాట ఏమిటి? కుండ ఆవంలో తిరిగిరాని మార్పు పొందుతుంది. ఫిల్లింగ్ మాత్రం సాగి మళ్లీ పాత కొలతకు వస్తుంది, దానిలో పరమాణువులు విడిపోయి మళ్లీ కలవడం లేదు. కాబట్టి నోటి వేడి విషయంలో పిఠరపాకవాదుల తీర్పే సరైనది: వస్తువు అదే, వేడి దాని గుండా వచ్చిపోతుంది. అయితే వారు కుండను ఒక్కదాన్నే చూశారు. ఫిల్లింగ్‌లో చూడవలసింది జంటను. దంతవైద్య ప్రయోగశాలలు కూడా ఇదే పాటిస్తున్నాయి. పంటికి పదార్థం ఎంత గట్టిగా అతుకుతుందో పరీక్షించే ఐఎస్ఓ 11405 పద్ధతిలో నమూనాను 5 డిగ్రీల నీటిలోనూ 55 డిగ్రీల నీటిలోనూ మార్చి మార్చి 500 సార్లు ముంచుతారు. ఆ తరువాత కొలిచేది ఫిల్లింగ్ బలాన్నీ కాదు, పంటి బలాన్నీ కాదు, వాటి మధ్య అతుకు బలాన్ని.