గీతకు దొరకని కులం



దీక్ష తీసుకున్నంక 22 ప్రతిజ్ఞల ప్రకారం గోడ మీది దేవుళ్ల పటాలు, క్యాలెండర్లు తీసేసినం. బుద్ధుని పటం, బాబాసాహెబ్ పటం పెట్టుకున్నం. మిగతా గోడ ఖాళీగున్నది. దాన్ని ఏం పెట్టి నింపాలె? మీ పిల్లల చేతికి ఒక రంగుల డబ్బా ఇయ్యండి. వాకిట్లో మొక్కల ముందు కూసోబెట్టి, కనబడ్డది కనబడ్డట్టు వేయమనండి.

బోధన్‌లోనైనా, నిజామాబాద్‌లోనైనా మన వాకిట్లో ఏముంటయి? పాత డబ్బాలో కలబంద, పగిలిన కుండలో రణపాల, పిట్టగోడ మీద గడ్డిగులాబీ. మందపాటి ఆకుల్లో నీళ్లు దాచుకొని ఎండకాలం దాటే మొక్కలివి. చూడకుండా వేస్తే ఆకంటే ఉత్త పచ్చరంగే. నిదానంగా చూస్తే నీడలో పచ్చగున్న రణపాల ఆకుకు ఎండలో అంచు ఎర్రబడుతుంది. నీళ్లు తక్కువై మే ఎండ తగిలితే కలబంద కూడా ఎరుపు తిరుగుతది. నీడకు జరిపి నీళ్లు పోస్తే మెల్లగా మళ్లీ పచ్చబడుతుంది. కారణం ఉంటే రంగు వచ్చింది, కారణం పోతే రంగు పోయింది. పటిచ్చసముప్పాదం అంటే ఇదే. ఇట్ల ఎరుకతో చూడడమే సమ్మాసతికి మొదటి మెట్టు.

ఇప్పుడు అసలు సంగతి. బ్రాహ్మణుడయ్యేది పుట్టుకతోనా, నడతతోనా అని తగువు పడి ఇద్దరు యువకులు బుద్ధుని దగ్గరికి పోయిన కథ సుత్తనిపాతంలోని వాసెట్ఠ సుత్తంలో ఉంది. గడ్డికి, చెట్టుకు, పురుగుకు, పక్షికి జాతి గుర్తులు ఒంటి మీదనే ఉంటయి, మనుషులకు అట్లాంటివి లేవని తథాగతుడు తేల్చి చెప్పాడు. అస్సక దేశంలో గోదావరి ఒడ్డున ఉన్న బావరి తన 16 మంది శిష్యులను బుద్ధుని వద్దకు పంపిన కథ కూడా ఆ గ్రంథంలోనే ఉంది. ఆ అస్సక రాజధానే మన బోధన్ అని చాలామంది చరిత్రకారులు అంటారు. ఆ మాట మనకు పరాయిది కాదు.

పిల్లలతో దాన్ని పరీక్ష చేయించండి. కలబందకు ముళ్ల అంచు, రణపాలకు నొక్కుల అంచు. బొమ్మలో ఏది ఏదో ఎవరైనా చెప్తరు. తర్వాత వాడకట్టులో ఇద్దరి మొహాలు వేయమనండి. కులాన్ని ఏ గీతతో గీస్తరు? వర్ణం అంటే రంగు గదా, ఆ రంగు ఏ డబ్బాలో ఉన్నది? రేపు బడిలో ఎవరైనా "మీరేంటోళ్లు?" అని అడిగితే, ఆ బిడ్డ తల దించుకోదు. తన చేత్తో వెతికి చూసింది, ఎక్కడా దొరకలేదు.

వచ్చే పున్నానికి వందనకు వచ్చేటప్పుడు ఆ బొమ్మలు తేండి. అందరం చూసినంక తీసుకపోయి ఇంట్ల గోడకు పెట్టుకోండి. మొక్కడానికి కాదు, ఉన్నది ఉన్నట్టు చూడడం మరువకుండా ఉండడానికి.

జై భీమ్.