రోజుకో మెట్టు

తిరుత్తణి మురుగన్ కొండకు మెట్లు 365. ఏడాదికి ఎన్ని రోజులో అన్ని. ఏటా డిసెంబరు 31న భక్తులు మెట్టు మెట్టుకూ పసుపూ కుంకుమా పెట్టి, కర్పూరం వెలిగించి, పాడుకుంటూ ఎక్కుతారు. మంచి అలవాటు కూడా అలాగే రోజుకో మెట్టుగా కుదరాలి.

అందుకు సాయపడే ఫించ్ అనే యాప్ ఒకటుంది. గుడ్డులోంచి పిట్టపిల్ల బయటికొస్తుంది, దానికి మనమే పేరు పెడతాం. గ్లాసుడు నీళ్లు తాగామనో, పక్క సర్దామనో, కాసేపు నిదానంగా ఊపిరి పీల్చామనో టిక్కు పెడితే దానికి శక్తి వస్తుంది. శక్తి నిండితే షికారుకెళ్లి కబుర్లు మోసుకొస్తుంది. మనం ఓ రోజు మరిచిపోయినా పిట్ట చచ్చిపోదు. నాకు బాగా నచ్చింది ఇదే. చిన్న పనికి మెచ్చుకోలు ఉంది, తప్పితే శిక్ష లేదు.

లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని గమనించి 2009లో అలవాట్ల గురించి ఇలాంటి మాటే చెప్పారు. కొత్త పని అలవాటు కావడానికి సుమారు 66 రోజులు పడుతుందట. కొందరికి 18 చాలు, కొందరికి 254 దాకా కావచ్చు. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదు.

తిరువళ్లూరు స్టేషన్‌లో చెన్నై లోకల్ కోసం నిలబడే పది నిమిషాలు మొదలెట్టడానికి చాలు. ఒక్క పనే ఎంచుకోండి. కానీ దిగులు వారాల తరబడి వదలకపోతే యాప్‌తో సరిపెట్టుకోకండి. మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఖర్చు లేదు, తెలుగులోనూ తమిళంలోనూ మాట్లాడతారు.