ఇల్లు, కెమేరా, వాస్తవికత

ఇంటికి ఫోటో తీసేవాడు వస్తే ఇల్లాలు మొట్టమొదట చేసే పని చీపురు అందుకోవటం. విడిచిన బట్టలు మంచం కిందికి పోతాయి, ఎంగిలి గిన్నెలు పెరట్లోకి పోతాయి, దండెం మీది తువ్వాళ్ళు మాయమవుతాయి. వచ్చినవాడు కాస్త రసజ్ఞుడయితే ఈ హడావిడి చూసి విసుక్కుంటాడు. "ఏదీ కదపకండి, ఉన్నది ఉన్నట్టు ఉండనివ్వండి" అంటాడు. ఈ ఇద్దరిలో న్యాయం ఎవరి పక్కన ఉన్నదన్నది పైకి చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. వాస్తవికవాదులమని చెప్పుకునే మనలో చాలామంది క్షణం కూడా తటపటాయించకుండా ఫోటోగ్రాఫరు పక్షం వహిస్తారు. నేనూ చాలాకాలం వహించాను. అది పొరపాటని ఇప్పుడు అనుకుంటున్నాను. అయితే ఇల్లాలి పక్షం వహించటం కూడా నేననుకున్నంత తేలిక కాదు.

మనకీ అలవాటు ఎక్కడినుంచి వచ్చింది? 1943 నాటి బెంగాలు కరువును సునీల్ జానా ఫోటోలు తీశాడు. కమ్యూనిస్టు పార్టీ పత్రిక "పీపుల్స్ వార్" వాటిని అచ్చువేసింది. ఆ ఫోటోల్లో సర్దటానికేమీ లేదు. దారి పక్కన ప్రాణం పోతున్న మనిషికి ఇల్లు లేదు, మూసుకోవటానికి తలుపు లేదు. అక్కడ దేన్నయినా దాచటమంటే ఆ కరువుకు కారకులైనవాళ్ళకు సాయపడటమే. కాని కరువు ఫోటోకు అవసరమయిన నీతిని మనం తీసుకొచ్చి ప్రతి పేదవాడి ఇంటికీ అన్వయించాం. పేదల ఇల్లంటే చిందరవందరగా ఉండాలి, మసిబారి ఉండాలి, లేకపోతే అది పేదల ఇల్లు కాదు! కలవారి ఇల్లు సర్ది ఉంటే దాన్ని అభిరుచి అంటాం. పేదవాడి ఇల్లు సర్ది ఉంటే "సహజంగా లేదు" అంటాం. ఇందులో వాస్తవికత ఎంత ఉన్నదో గాని వర్గదృష్టి మాత్రం కావలసినంత ఉన్నది.

ఈ సందర్భంలో ఒక పాత తగాదాను గుర్తు చేసుకోవటం మంచిది. 1936 వేసవిలో అమెరికాలో "ఫార్చ్యూన్" పత్రిక జేమ్స్ ఏజీ అనే రచయితనూ, వాకర్ ఎవన్స్ అనే ఫోటోగ్రాఫరునూ అలబామా రాష్ట్రానికి పంపింది. పత్తి పండించే కౌలు రైతులను గురించి వ్యాసం కావాలి. (వ్యాపారస్తులు చదువుకునే పత్రికకు కౌలు రైతులతో ఏం పని అని అడగవచ్చు. అది ఆర్థిక సంక్షోభపు కాలం. అప్పుడు కలవారికి కూడా పేదల మీద కొంత కుతూహలం ఉండేది.) వాళ్ళు హేల్ కౌంటీలో మూడు తెల్లవాళ్ళ కుటుంబాలను ఎన్నుకున్నారు. పత్రిక ఆ వ్యాసాన్ని వేసుకోలేదు. 1941లో అది "లెట్ అస్ నౌ ప్రెయిజ్ ఫేమస్ మెన్" అనే పుస్తకంగా వచ్చింది. అప్పుడు కొన్నవాళ్ళు కొద్దిమంది. 1960లో తిరిగి అచ్చయిన తరవాతనే దానికి పెద్ద పేరు వచ్చింది.

ఇంటివాళ్ళు లేని సమయంలో ఏజీ ఒక ఇంట్లోని వస్తువులన్నిటినీ, సొరుగుల్లో ఉన్నవాటితో సహా, ఒక్కొక్కటే చూసి జాబితా రాశాడు. తాను చేస్తున్నది గూఢచారి పని అని అతనికి తెలుసు. పుస్తకంలో తన్ను ఆ పేరుతోనే పరిచయం చేసుకున్నాడు. ఎవన్స్ దారి వేరు. ఉన్న వస్తువును ముట్టుకోకూడదన్నది తన నియమమని అతను చెప్పేవాడు. 1989లో జేమ్స్ కర్టిస్ అనే చరిత్రకారుడు ఏజీ రాసిన జాబితానూ, ఎవన్స్ తీసిన ఫోటోలనూ పక్కపక్కన పెట్టి చూశాడు. చలిమంట పొయ్యికి పైన ఉండే పలక మీద ఫోటోలో ఒక అలారం గడియారం ఉన్నది, జాబితాలో లేదు. ఎవన్స్ సామాను కదిపాడనీ, గడియారం తెచ్చిపెట్టాడనీ కర్టిస్ వాదన. 2009లో ఎరల్ మోరిస్ అనే చలనచిత్ర దర్శకుడు ఈ గడియారం మీద ఒక వ్యాసాల వరసే రాశాడు. జాబితా రాసిన రోజూ, ఫోటో తీసిన రోజూ ఒకటే అన్న నమ్మకమేమిటి? ఈ లోపల ఇంటివాళ్ళే గడియారం అక్కడ పెట్టుకుని ఉండవచ్చుగదా? సంగతి తేలలేదు.

తేలకపోతే పోయింది. నన్ను ఆలోచింపజేసేది వేరే ఉన్నది. అదే పలక అంచుకు కాగితాన్ని మడిచి కత్తిరించిన అల్లిక ఒకటి అంటించి ఉన్నది. దాన్ని చేసింది ఆ ఇంటావిడ. ఇంటిని అందంగా చెయ్యటానికి తన ఆఖరి ప్రయత్నం అదేనని ఆవిడ తనతో చెప్పినట్టు ఏజీ రాశాడు. చేలో పని చేసి, వంట చేసి, పిల్లలను సాకి, ఆపైన ఓపిక ఉన్నన్నాళ్ళు ఆ చెక్క గోడల మధ్య ఒక మనిషి అందం కోసం ప్రయత్నించి, ఒకనాడు ఇక చాలనుకున్నది. గడియారాన్ని గురించిన తగాదా యావత్తూ ఎవన్స్ నిజాయితీ చుట్టూ తిరిగింది. ఆ ఇంట్లో వస్తువులను కదిపే హక్కూ, అలవాటూ ఉన్న మనిషి ఒకతె ఉన్నదనీ, ఫోటోలో కనిపిస్తున్న వరస చాలా భాగం ఆవిడ చేతి పనేననీ అన్న విషయం పక్కకు పోయింది. ఆ కుటుంబాల వారసులను వెతుక్కుంటూ పోయి రాసిన మరో పుస్తకం కూడా 1989లోనే వచ్చింది. ఆ వారసుల్లో కొందరికి తమవాళ్ళను అలా లోకానికి చూపించినందుకు కోపం పోలేదట. ఆ కోపాన్ని కళ తెలియని వాళ్ళ కోపంగా తీసిపారెయ్యటం నాకు చేతకాదు.

అసలు "ఉన్నది ఉన్నట్టు" అన్న మాటలోనే ఒక తిరకాసు ఉన్నది. ఇల్లు ఏనాడూ ఉన్నట్టు ఉండదు. పూటపూటకూ చెదురుతుంది, పూటపూటకూ ఎవరో సర్దుతారు. ఈ రెంటిలో ఏది దాని సహజస్థితి? చెదిరి ఉన్న క్షణమే సహజం, సర్దిన క్షణం నటన అనటమంటే, సర్దే శ్రమ అసలు జీవితంలో భాగమే కాదనటం. భారత ప్రభుత్వం 2019లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు ఆ పనిలో గడిపారు. చేసే పురుషులు 97 నిమిషాలు. స్త్రీలది దాదాపు అయిదు గంటలన్నమాట. ఈ అయిదు గంటలూ ఏ ఫోటోలోనూ పడవు. ముందు తీస్తే పని ఇంకా జరగలేదు, తరవాత తీస్తే పని జరిగిన ఆనవాలు లేదు. మేస్త్రీ పని చేస్తే గోడ మిగులుతుంది. ఊడిస్తే మిగిలేది చెత్త లేకపోవటమే.

ఈ శ్రమను కొలిచి తగ్గించాలని చూసినవాళ్ళు లేకపోలేదు. 1926లో మార్గరెటె షుటె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా దేశపు వాస్తుశిల్పి ఫ్రాంక్‌ఫర్ట్ నగరంలో కొత్తగా కట్టే ఇళ్ళ కోసం ఒక వంటగది తయారుచేసింది. వెడల్పు సుమారు 1.9 మీటర్లు, పొడుగు 3.4 మీటర్లు. పొయ్యికీ, తొట్టికీ, బల్లకూ మధ్య ఎన్ని అడుగులు పడతాయో లెక్కగట్టి అమర్చింది. బియ్యానికీ, పంచదారకూ, పిండికీ పేర్లు రాసిన అల్యూమినియం సొరుగులు పెట్టింది. దాదాపు 10,000 ఇళ్ళలో అలాంటి వంటగదులు వచ్చాయి. ఆవిడ తరవాత కమ్యూనిస్టు పార్టీలో చేరి, నాజీలకు వ్యతిరేకంగా పని చేస్తూ 1941లో పట్టుబడి, యుద్ధం ముగిసేదాకా జైల్లో ఉన్నది. ఆవిడ చిత్తశుద్ధిని శంకించటానికి వీల్లేదు. అయితే ఆ వంటగదిలో ఒక్కరు పని చెయ్యటానికే చోటున్నది. ఆడదానికి అడుగులు తగ్గాయి. మగవాడు వచ్చి ఒక చెయ్యి వెయ్యటానికి ఉండవలసిన చోటు కూడా తగ్గింది. ఈ మాట తరవాతి తరం స్త్రీవాదులు అన్నారు, సరిగానే అన్నారు. వంటగది తయారుచేసే నాటికి తానెన్నడూ వంట చేసి ఎరగనని ఆవిడే ఒప్పుకున్నది.

ఇవాళ మన ఫోన్లలో తిరిగే వంటగది ఫోటోల్లో పేర్లు అంటించిన ఒకే రకం డబ్బాలు బారులు తీరి ఉంటాయి. ఖాళీ అయిన హార్లిక్స్ సీసాలో ధనియాలు పోసుకునే మనిషికి అవి సిగ్గు నేర్పటం తప్ప మరే ఉపకారమూ చెయ్యవు. ఇల్లు సర్దుకోవటం మీద పుస్తకం రాసి లోకమంతటా పేరు తెచ్చుకున్న జపాను రచయిత్రి మారీ కోండో, మూడో బిడ్డ పుట్టిన తరవాత ఆ పట్టుదల చాలావరకు వదులుకున్నానని చెప్పినట్టు 2023లో పత్రికల్లో వచ్చింది. ఆవిడ చెప్పిన వాటన్నిటిలోకీ నాకు నచ్చింది ఈ మాటే.

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి ఇల్లాలి పక్షమే న్యాయమని తేలిపోవాలి. పోచంపల్లి పక్కన ఒక ఊళ్ళో నేతపని చేసే కుటుంబాన్ని చూసి ఉండకపోతే నేనూ అంతటితో ఊరుకునేవాణ్ణి.

చేనేతవాళ్ళ ఇళ్ళు ఫోటోలు తీస్తూ నా మిత్రుడొకడు నన్ను వెంటబెట్టుకుపోయాడు. ముందుగదిలో గుంట మగ్గం. ఆ గదే పడక, వచ్చినవాళ్ళు కూచునేదీ అక్కడే. గోడవారగా ఆసు ఉన్నది. ఇక్కత్ నేతలో పేక నూలుకు చిక్కుళ్ళు కట్టి రంగులద్దటానికి ముందు ఆసు పొయ్యాలి. అర్ధచంద్రాకారంగా మేకులు దించిన చట్రం మీద దారాన్ని అటూ ఇటూ తిప్పుతూ పోవటమే ఆ పని. ఒక చీరకు చెయ్యి సుమారు 9,000 సార్లు ఆడాలంటారు. ఇది తరతరాలుగా ఆడవాళ్ళ పని. తల్లి పడే బాధ చూడలేక ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం 1999లో ఆసు యంత్రం తయారుచేశాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. మేం పోయిన ఇంట్లో యంత్రం లేదు, ఇంటావిడ చెయ్యే ఉన్నది.

మిత్రుడు కెమేరా బయటికి తియ్యగానే ఆవిడ, "జర ఆగుండ్రి సారూ, ఇల్లు సదురుకుంటా" అన్నది. అతను వద్దనబోయాడు. నేను అడ్డం పడి, "ఆమె ఇల్లు, ఆమె ఇష్టం" అన్నాను. ఎంతో న్యాయం చేసినట్టు తృప్తి కూడా పడ్డాను. ఆవిడ చద్దర్లు మడిచింది. అరల్లో స్టీలు గిన్నెలు వరస చేసింది. పెండ్లి ఫోటో మీది దుమ్ము కొంగుతో తుడిచింది. అన్నీ అయిన తరవాత ఆసును ఎత్తుకుపోయి తలుపు వెనక పెట్టింది. కండెల బుట్ట మీద తువ్వాల కప్పింది. భర్తను మగ్గంలో కూచోమని తాను పక్కకు తప్పుకున్నది.

"అదెందుకమ్మా తీసేశావు? నీ పని అదే గదా" అన్నాను.

"గదేం జూస్తరు సారూ, ఇంట్ల పనేనాయె" అన్నది.

నా సిద్ధాంతం అక్కడ తడబడింది. సర్దుకునే హక్కు ఆవిడదేనని నేను వాదించాను. ఆ హక్కును వినియోగించుకుని ఆవిడ చేసిందల్లా తన శ్రమను తానే దాచటం. మగ్గం చూడదగినది, ఆసు చూడదగినది కాదు అన్న వివేచన ఆవిడ సొంతంగా కనిపెట్టింది కాదు. చీరకు వెల కట్టేవాళ్ళూ, నేతగాడికి సన్మానం చేసేవాళ్ళూ, మనలాగా వ్యాసాలు రాసేవాళ్ళూ కలిసి నేర్పినది. ఆవిడకు చైతన్యం లేదని ఒక ముక్కలో తేల్చి, ఆసును మళ్ళీ ముందుకు తెప్పించటం మాకు క్షణంలో పని. సారు చెబితే ఆవిడ తెచ్చిపెట్టేదే. కాని అది ఎవన్స్ చేశాడని చెప్పుకునే గడియారం పనికన్నా అన్యాయం. అతను కదిపి ఉంటే వస్తువును కదిపాడు, మేం మనిషి చేతనే కదిపించేవాళ్ళం.

తెప్పించలేదు. మిత్రుడు భర్తనూ, మగ్గాన్నీ, వెనక తళతళలాడే గిన్నెలనూ ఫోటో తీశాడు. చాలా మంచి ఫోటో. చూసినవాళ్ళందరూ ఆ నేతగాడి చేతులను మెచ్చుకున్నారు.

తెప్పించకపోవటం సరే. అంతటితో ఊరుకోవటం సరి కాదని ఇప్పుడు నాకనిపిస్తున్నది. ఆవిడతో నేను వాదించి ఉండవలసింది. తోటి రచయిత ఒక అసంబద్ధమయిన మాట అంటే మనం గంటల తరబడి తగువులాడతాం, అతన్ని సమానుడుగా చూస్తాం గనక. పేదవాళ్ళ దగ్గరికి పోయినప్పుడు అయితే జాలి పడతాం, లేకపోతే వాళ్ళన్నదానికల్లా తల ఊపి దాన్ని గౌరవమంటాం. నేను చేసింది రెండోది. కూచుని, ఆసు ఇంటిపని ఎందుకయింది, మగ్గం ఎందుకు కాలేదు అని అడిగి, ఆవిడ జవాబు విని, ఒప్పుకోకపోతే ఒప్పుకోనని చెప్పి, ఆ తరవాత ఆవిడ ఏది ఫోటోలో ఉండాలంటే అది తియ్యవలసింది. దానికి ఒక పూటన్నా పడుతుంది. మా దగ్గర అరగంట ఉన్నది, ఇంకా రెండు ఇళ్ళకు పోవాలి.

వాదించి ఉంటే అది నిజంగా సమానుల వాదన అయ్యేదా అంటే, నేను "సారు"గా ఉన్నంతవరకు అవుతుందని చెప్పలేను. ఆ ఇంటికి మరొకసారి పోవాలని ఉన్నది, ఈసారి కెమేరా లేకుండా. కెమేరా లేకపోయినా నేను గడపలో అడుగు పెట్టేసరికి ఆసు తలుపు వెనక్కే పోతుందని నా అనుమానం.